చలికాలంలో చేతికుట్టు: రోజుకి మూడు దారాలు చాలు

చెల్లీ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. శ్రీకాకుళంలో ఇంట్లోంచే ఉద్యోగం, దసరా దాటిన దగ్గర్నుంచి ఐదున్నరకే చీకటి, లాప్‌టాప్ మూసి ఫోన్ తీస్తే రాత్రి పదకొండు దాకా కింద పెట్టట్లేదు, పడుకున్నా బుర్ర పరిగెడుతూనే ఉంటోంది. విదేశాల వాళ్ళు ఆకులు రాలే కాలంలో కిటికీ పక్కన కూర్చుని నిదానంగా కుట్టుకుంటున్న వీడియోలు చూసి నువ్వూ గులాబీ కుట్టే ఎంబ్రాయిడరీ కిట్ ఒకటి తెప్పించావు, రెండ్రోజులకే గులాబీ వంకరొచ్చిందని చిరాకేసి బీరువా మీద పడేశావు, పైగా దీపం పెట్టాక సూది ముట్టుకోవద్దని అమ్మ గోల. "మైండ్‌ఫుల్‌గా, అంటే ధ్యాసంతా చేసే పని మీదే పెట్టి కుట్టడం అందరికీ పడదా అక్కా, లోపం నాలోనా" అని అడిగావు. నీకేం లోపం లేదు తల్లీ, ఆ గులాబీదే తప్పు. కొంచెం పెద్దగానే రాస్తాను, టీ పెట్టుకుని చదువు.

నేనెవరో చెప్పకపోతే నా మాట ఎందుకు వినాలో నీకు తెలీదు కదా. విజయనగరంలో గంటస్తంభానికి కాస్త అవతల ఒక సందులో 31 ఏళ్ళు టైలరింగ్ చేశాను. బ్లౌజులు, పరికిణీలు, జూన్ వస్తే స్కూలు యూనిఫాంలు, ఇంక పైడితల్లమ్మ పండగంటే చెప్పక్కర్లేదు, దసరా వెళ్ళిన మంగళవారం సిరిమాను తిరిగే టైంకి బట్టలు ఇవ్వకపోతే ఆ వీధిలో మొహం చూపించలేం, అది అయ్యిందనుకుంటే దీపావళి, పెళ్ళిళ్ళు, మళ్ళీ పెద్దపండక్కి అదే గోల. అందరికీ చలికాలం అంటే దుప్పటి గుర్తొస్తే నాకు రసీదు పుస్తకం గుర్తొచ్చేది. మిషన్ మీద కాలు ఆగిందంటే ఇంట్లో ఎవరికో ఒంట్లో బాలేనట్టే లెక్క. చేతికుట్టు అంటే హెమ్మింగు, హుక్కులు, కాజాలు, అవి కూడా పని నేర్చుకోడానికొచ్చిన పిల్లల చేత చేయించేదాన్ని, నాకు ఓపికేదీ.

2018 అక్టోబర్ 11 తెల్లారగట్ల తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది కదా, నువ్వప్పటికి కాలేజీలో ఉంటావేమో. మా పుట్టిల్లు సోంపేట అవతల పల్లె, ఉద్దానం. దసరా సీజను మధ్యలో షాపుకి తాళం వేసి నేనెప్పుడూ ఊరెళ్ళింది లేదు, ఆ ఏడు వెళ్ళాను, అమ్మ ఫోను కలవట్లేదు మరి. వెళ్ళి చూస్తే కొబ్బరిచెట్లు అగ్గిపుల్లలు విరిచి పారబోసినట్టు పడున్నాయి, జీడితోట మొదళ్ళతో సహా లేచిపోయింది, మా నాన్న పాతిన చెట్లు అవి. ఇంటి పెంకులు లేచిపోయి ట్రంకుపెట్టెలోకి నీళ్ళెళ్ళి అమ్మ చీరలన్నీ తడిసి మరకలు పట్టేశాయి. కరెంటు లేదు, సిగ్నల్ లేదు, ఎప్పుడొస్తాదో చెప్పేవాళ్ళు లేరు. మూడోరోజుకి ఎండ వస్తే అమ్మ ఆ చీరలన్నీ ఉతికి దండెం మీద వేసి, ఎండిపోయాక కట్టడానికి పనికొచ్చేవి ఒకవైపు, పనికిరానివి ఒకవైపు పెట్టి, పనికిరానివి తెచ్చి అరుగు మీద పరిచి బొంత కుట్టడం మొదలెట్టింది. తోట పోయింది, ఇంటి మీద పెంకుల్లేవు, ఈవిడ బొంత కుడుతోంది ఏటని నాకు ఒళ్ళు మండింది. ఊరికే కూర్చోలేక నేనూ ఒక సూది తీసుకున్నాను. పది కుట్లు వేసేసరికి నావి మేకలు నడిచినట్టు ఉన్నాయి. ఊరందరి జాకెట్లు కుట్టినదాన్ని, బారుగా నాలుగు కుట్లు వెయ్యలేకపోయాను. అమ్మ చూసి నవ్వింది, తుఫానొచ్చాక అదే మొదటి నవ్వు. "ఒలే, నువ్వు కాలితో కుట్టినదానివి, సేత్తో ఏటి కుడతావే" అంది.

ఎనిమిదేళ్ళ వయసులో ఎక్కిన మిషన్ మీంచి నేను నిజంగా దిగింది ఆ రోజే.

ఇప్పుడు నీ ప్రశ్నకొస్తాను. మా అమ్మ మనశ్శాంతి కోసం కుట్టలేదు. మైండ్‌ఫుల్ అన్న మాట ఆవిడకి తెలీదు, తెలిసినా నవ్వుతాది. చలి వస్తోంది, కప్పుకోడానికి కావాలి, చీరలున్నాయి, కుట్టింది, అంతే. కానీ ఆ వారం రోజుల్లో మా ఇంట్లో రాత్రిపూట నిద్రపోయింది ఆవిడొక్కర్తే, మేమందరం పైకప్పు చూస్తూ పడుకునేవాళ్ళం. నాకప్పుడు అర్థమయ్యిందేటంటే ఈ నిదానం అనేది ఎదురెళ్ళి పట్టుకుందామంటే దొరకదు, వేరే పని మీద ఉన్నప్పుడు దానంతటదే వచ్చి పక్కన కూర్చుంటాది. నువ్వు కిట్ ముందు కూర్చుని "ఇంకా ప్రశాంతంగా అవ్వట్లేదేటి, ఇంకా అవ్వట్లేదేటి" అని నిన్ను నువ్వే చూసుకుంటూ కుట్టావు, దానికి తోడు పక్కన ఫొటోలో గులాబీ, అచ్చం అలాగే రావాలి. ఆఫీసులో టార్గెట్ వదిలేసి వచ్చి ఇంట్లో ఇంకో టార్గెట్ పెట్టుకున్నట్టయ్యింది. పువ్వుకి తప్పొప్పులుంటాయి, బొంతకి ఉండవు. కుట్టు వంకరైనా వెచ్చగానే ఉంటాది.

అందుకే నా మాట విని బొంత కుట్టు. పెద్దది కాదు, పసిపిల్లల బొంత సైజు, 24 అంగుళాలకి 30. ఇంట్లో పాపాయి లేదంటావా, ఒళ్ళో వేసుకుని లాప్‌టాప్ పెట్టుకో, కుర్చీలో వేసుకో, ఎవరికో ఒకరికి పాప పుట్టకపోదు.

గుడ్డ సంగతి కాస్త వివరంగా చెప్తా ఎందుకంటే సగం మంది ఇక్కడే దెబ్బతింటారు. అమ్మ పాత నూలుచీర అడుగు, ఎన్నిసార్లు ఉతికితే అంత మంచిది, చెయ్యి పెడితే నీళ్ళలో పెట్టినట్టు ఉండాలి. సిల్కూ, సింథటిక్కూ వద్దు, ఒక పొర మీద ఇంకో పొర జారిపోతాయి, సూది ఒకచోట గుచ్చితే ఇంకోచోట తేలుతాది. గంజి పెట్టిన చీరైతే గోరువెచ్చని నీళ్ళలో రాత్రంతా నానబెట్టి గంజి మొత్తం పోయేదాకా ఉతుకు, గంజి ఉంటే ప్రతి కుట్టుకీ సూది పట్టేస్తాది, నువ్వు బలం పెడతావు, భుజం లాగుతాది, మళ్ళీ బీరువా మీదకే. కొత్త కాటన్ కూడా అంతే, అది ఇంకా మొండిగా ఉంటాది. నాలుగు పొరలు చాలు మొదటిసారికి. అంచు పాడవకుండా ఉంటే పైపొరకి ఆ అంచు పెట్టుకో, అందంగా ఉంటాది, అమ్మ ఆ చీర ఎప్పుడు కట్టిందో చెప్తుంటే వింటూ కుట్టొచ్చు కూడా.

నాలుగూ నేల మీద పరిచి, మధ్యలోంచి అంచులవైపు అరచేత్తో దువ్వు, పొంగులు లేకుండా. తర్వాత మధ్యలోంచే మొదలుపెట్టి పొడుగు పొడుగు కచ్చా కుట్లు వేసుకో, నక్షత్రంలా నాలుగువైపులకీ. ఇది చెయ్యకుండా డైరెక్ట్‌గా అంచునుంచి కుట్టుకుంటూ పోతే చివరికొచ్చేసరికి గుడ్డంతా ఒక మూలకి పోగుపడి ఏనుగు చెవిలా లేస్తాది, నా మొదటిది అలాగే లేచింది, ఇప్పటికీ కుక్కకి పరుస్తున్నాం. అంచులు లోపలికి మడిచి చుట్టూ ఒక వరస వేసేశాక, అంగుళానికొక వరస చొప్పున బారుగా రన్నింగ్ స్టిచ్, సూది పైకి కిందకి, అంతే, ఇంకే కుట్టూ అక్కర్లేదు. గొలుసుకుట్టు, కాడకుట్టు వచ్చినవాళ్ళకి చెయ్యి దురద పెడతాది, పెట్టనీ.

దారం ఎంత పొడుగు తీసుకోవాలంటే మూర. టేపు అక్కర్లేదు, మోచెయ్యి దగ్గర్నుంచి నడిమి వేలి కొస దాకా కొలుచుకుని తెంపు, సుమారు 18 అంగుళాలు. మాటిమాటికీ సూదికి ఎక్కించడం బద్ధకమై బారెడు దారం తీసుకుంటారు చూడు, అది ప్రతి కుట్టుకీ గుడ్డలోంచి రాసుకుంటూ వెళ్ళి చివరికి పీచు లేస్తాది, చిక్కులు పడతాది, ఆ చిక్కు విప్పే టైంలో నాలుగు దారాలు ఎక్కించుకోవచ్చు. ఒంటిగానే ఎక్కించు, రెండు కొసలూ కలిపి ముడెయ్యొద్దు. యాంకర్ లాంటి ఎంబ్రాయిడరీ దారం ఒక లచ్చి 8 మీటర్లు ఉంటాది, అందులో ఆరు పోగులుంటాయి, మూర చొప్పున తెంపి మూడు పోగులు విడదీసి ఎక్కించు. అలాగ ఒక లచ్చికి 35 దారాలొస్తాయి, నీ చిన్న బొంతకి రెండు లచ్చీలు చాలు. సూది 7 నెంబరు ఎంబ్రాయిడరీ సూది అడుగు, బెజ్జం పొడుగ్గా ఉంటాది, ఎక్కించడం తేలిక. షాపువాళ్ళు కంగారుపెడితే ఒకటి గుర్తుపెట్టుకో, చేతిసూదులకి నెంబరు పెరిగేకొద్దీ సూది సన్నం, మిషన్ సూదులకి నెంబరు పెరిగేకొద్దీ లావు, నేనే చాలాసార్లు పొరపడి తెచ్చుకున్నాను. సూది గరుకుగా వెళ్తుంటే తల్లో ఒకసారి రాసుకో, కొబ్బరినూనె జిడ్డుకి సర్రున జారుతాది, పాత టైలర్లందరూ చేసేదే. దారానికి కొవ్వొత్తి ఒక్కసారి రుద్దినా చిక్కు తక్కువ పడతాది.

ముడి కూడా చెప్పేస్తాను. దారం కొసని సూది మీద పెట్టి మూడు చుట్లు చుట్టి, ఆ చుట్లని రెండు వేళ్ళతో పట్టుకుని సూదిని పైకి లాగేస్తే కొసకెళ్ళి చిన్న గింజలాగ పడతాది. పైపొరలోంచి గుచ్చి కాస్త విదిలించి లాగితే ముడి టప్పుమని పొరల మధ్యకి వెళ్ళిపోతాది, పైకి కనపడదు. ఆ టప్పుమన్న చప్పుడు నాకు భలే ఇష్టం, ఎందుకో చెప్పలేను.

ఇప్పుడు అసలు సంగతి, నా పద్ధతి మొత్తం ఇందులోనే ఉంది. రోజుకి మూడు దారాలు. గంట కాదు, వరస కాదు, మూడు మూరల దారం. ముడికీ చివర కట్టుకీ కాస్త పోయి, పొరల్లోకి ఎక్కడం దిగడంలో కాస్త పోయి, ఒక దారానికి అడుగు పొడుగు కుట్టు పడతాది. అంగుళానికి మూడు కుట్లు అనుకో, ఒక దారానికి 36. కొత్తలో పది నిమిషాలు పడతాది. నీ చిన్న బొంతలో 24 వరసలు, వరస 30 అంగుళాలు, మొత్తం 60 అడుగులు, అంటే 60 దారాలు, రోజుకి మూడైతే 20 రోజులు. కార్తీకంలో మొదలెడితే కార్తీకంలోనే అయిపోతాది.

పెద్ద బొంత లెక్క చెప్తే నవ్వొస్తాది. చీర అయిదున్నర మీటర్లు, మూడు మడతలేస్తే ఆరడుగుల పొడుగు, 45 అంగుళాల వెడల్పు, మనిషికి సరిపడా. రెండు చీరలకి ఆరు పొరలు. అంగుళానికొక వరసంటే 45 వరసలు, 270 దారాలు, తొమ్మిదివేల ఏడొందల ఇరవై కుట్లు. మిషన్ మీదైతే అరగంట పని! చేత్తో రోజుకి మూడు దారాలైతే సరిగ్గా 90 రోజులు. దసరా వెళ్ళాక మొదలెడితే పెద్దపండక్కి అటూ ఇటుగా అవుతాది. నేను ఏడేళ్ళుగా, మధ్యలో ఒక్క ఏడు తప్ప, ఏటా ఒకటి చొప్పున ఇలాగే కుడుతున్నాను. వరికోతలప్పుడు సగానికొస్తాది, ధనుర్మాసం ముగ్గులప్పుడు చివరి పది వరసలు ఉంటాయి, భోగి నాడు తెల్లారగట్ల మంటకాడికి కప్పుకుని వెళ్తాను. ఇంకో ఏడు భోగికి అవ్వలేదు, మోకాలి ఆపరేషన్ ఏడు, అది హోలీకి అయ్యింది, దాన్ని అందరూ హోలీ బొంత అంటారు.

నాలుగో దారం ఎక్కించొద్దు. ఇది మొదట్లో అర్థంకాదు. బాగా వస్తోంది కదా ఇంకొక్కటి అనిపిస్తాది, ఫోన్లో ఇంకొక్క వీడియో అనిపించినట్టే. ఎక్కించావా, ఆ రోజు ఏడు అవుతాయి, మర్నాడు మెడ పట్టేస్తాది, ఆ మర్నాడు ఎగ్గొడతావు, తర్వాత వారం దాకా దాని వంక చూడవు. దారం అయిపోతే ఆగాలి అన్నప్పుడు ఆపేది నువ్వు కాదు, దారం. వాచీ చూసుకోనక్కర్లేదు, అలారం అక్కర్లేదు. నిదానించడం నావల్ల కాదు అంటావు చూడు, నీ బదులు దారమే నిదానిస్తాది.

కుడుతున్నప్పుడు ఏం ఆలోచించాలి అని నువ్వు అడగలేదు గానీ అడుగుతావు, అందరూ అడుగుతారు. ఏం ఆలోచించినా ఫర్లేదు. అత్తగారి మీద కోపమైనా, మేనేజర్ మీద కోపమైనా. బుర్ర ఎక్కడికో వెళ్ళిపోతే కుట్టు పొడుగైపోతాది, లేదా కిందనున్న ఎడంచేతి వేలికి సూది గుచ్చుకుంటాది, అప్పుడు అదే వెనక్కి లాక్కొస్తాది, నువ్వు శ్రమపడక్కర్లేదు. కింద చెయ్యి సూది మొనని తాకి తాకనట్టు పట్టుకోవడం, అయిదారు కుట్లకొకసారి బొటనవేలితో వరస దువ్వి ముడతలు సర్దడం, దారం ఆరు పొరల్లోంచి వచ్చేటప్పుడు చిన్న చప్పుడు వస్తాది అది వినడం, నాకు తెలిసిన ధ్యానం ఇదే. ఊపిరి లెక్కపెట్టమంటారు కొందరు, నాకు లెక్కపెడితే గ్యాస్ పట్టినట్టుంటాది, నేను పెట్టను. రేడియో మాత్రం పెట్టుకుంటాను, విశాఖపట్నం కేంద్రం, సన్నగా. సీరియల్ వద్దు, కళ్ళు అటుపోతాయి. ఫోన్ వేరే గదిలో పెట్టు, తిరగేసి పక్కన పెట్టడం కాదు, వేరే గదిలో.

వంకర వచ్చిన కుట్లు విప్పొద్దు. టైలర్‌ని కదా, నాకిది అన్నిటికంటే కష్టమయ్యింది, కస్టమర్ చూస్తే ఏమంటాదో అని చెయ్యి దానంతటదే కత్తెర కోసం వెళ్ళేది. ఇప్పుడు పాత బొంత తీసి చూస్తే ఒకచోట కుట్లు ఇంతింత పొడుగు, మా తమ్ముడు ఆస్పత్రిలో ఉన్న వారం అది. ఇంకోచోట ఆవగింజల్లా దగ్గర దగ్గరగా, అప్పుడెవరూ ఇంట్లో లేరు, వాన పడుతోంది. డైరీ రాసే అలవాటు నాకు లేదు, ఇవే ఉన్నాయి.

అమ్మ గోల గురించి. దీపం పెట్టాక సూది ముట్టుకోకూడదు, అప్పివ్వకూడదు అని మా ఇంట్లోనూ ఉంది. కిరసనాయిలు దీపం కాలంలో చీకట్లో సూది కింద పడితే దొరికేది కాదు, అందరూ నేలమీదే పడుకునేవాళ్ళు, పాకే పిల్లలుండేవాళ్ళు, అలాగ వచ్చిన మాట అయ్యుంటాదని నా ఊహ. అమ్మతో వాదన పెట్టుకోకు. నవంబర్లో మన వైపు ఐదుంబావు దాటగానే పొద్దు గుంకిపోతాది కాబట్టి నాలుగున్నరకి ఆఫీసు వాళ్ళతో టీ బ్రేక్ అని చెప్పి డాబా మీదకో వాకిట్లోకో వెళ్ళి ఎండపొడలో కూర్చో, మూడు దారాలూ వెలుగుండగానే అయిపోతాయి. నిజానికి నీకు కావాల్సింది కూడా ఆ అరగంట ఎండే, రోజంతా ఏసీ గదిలో తలుపులేసుకుని ఉండి చీకటిపడ్డాక బయటికొచ్చి బెంగగా ఉందంటే ఉండదా మరి. మబ్బు రోజుల్లో, తుఫాను రోజుల్లో లైటు కింద కుట్టుకో, ఎడంవైపునుంచి వెలుగు పడేలా, కుడిచేతివాటమైతే. సూదులు మాత్రం లెక్కపెట్టి తీసి లెక్కపెట్టి పెట్టు. నేను మూడు తీస్తాను, మూడు పెడతాను, ఒకటి తగ్గితే ఎవర్నీ కాలు కదపనివ్వను, అయస్కాంతంతో వెతికిస్తాను. ఈ ఒక్క విషయంలో అమ్మదే రైటు.

అన్నట్టు ఆ వీడియోల్లో ఆకులు రాలడం చూసి మనకి ఆ కాలం రాలేదేటని వెతుక్కోకు. వాళ్ళకి అక్టోబర్లో ఆకులు రాలతాయి, మనకి రాలేది శిశిరంలో, మాఘఫాల్గుణాల్లో, అప్పటికి చలి కూడా సగం పోతాది. మన శరత్తు అంటే తెల్లమబ్బులు, వెన్నెల, వాటి వెనకాల తుఫాను హెచ్చరిక. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడూ అక్టోబర్ రెండోవారమే. మన చలి మాత్రం ఏపాటిదిలే, తెల్లారగట్ల రెండో దుప్పటి వెతుక్కునేంత, సీతంపేట కొండలవైపైతే ఇంకాస్త. కానీ పొద్దు త్వరగా గుంకే ఆ వెలితి అందరికీ ఒకటే. బెంగాల్లో పాత చీరల పొరలు వేసి కాంతా కుడతారు, దారం కూడా చీర అంచులోంచే లాగేవారు. కర్ణాటకలో సిద్దీలనే వాళ్ళు అంచునుంచి లోపలికి చుట్టూ తిరుగుతూ కుడతారు, మనలాగ బారుగా కాదు. జపాన్ ఉత్తరాన మంచుకురిసే ఊళ్ళలో రైతుల ఆడవాళ్ళు నీలిమందు వేసిన నారగుడ్డ మీద తెల్లదారంతో గుడ్డంతా నిండిపోయేలా కుట్టేవారు, వాళ్ళని ఒకప్పుడు నూలుబట్ట కట్టుకోనిచ్చేవారు కాదట, ఆ కుట్టే వాళ్ళకి చలికాపు. అందరిదీ అదే సూది పైకి కిందకి.

నీకు దగ్గర్లోనే ఖద్దరు నేసే పొందూరు ఉంది, ఒక ఆదివారం వెళ్ళిరా. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు, ఆ చిన్న చిన్న పళ్ళే దువ్వెన, చెత్త పోయి పోగు నిగనిగలాడుతూ వస్తాది, తర్వాత ఒంటి కదురు రాట్నం మీద వడుకుతారు. ఒక్కో గింజ పత్తి చేతిలో పట్టుకుని దువ్వుతున్న పెద్దావిడని పావుగంట చూస్తే నువ్వు చదివిన మైండ్‌ఫుల్ వ్యాసాలన్నీ మర్చిపోతావు. ఆ కూలి ఎంతో అడిగితే మాత్రం మనసు చివుక్కుమంటాది, నిదానం మనకి సరదా, వాళ్ళకి పొట్టకూడు, అది మర్చిపోయి మాట్లాడకూడదు. ముక్క ఖద్దరు కొని తెచ్చుకుంటే రెండో బొంతకి పైపొర వెయ్యొచ్చు, చేతివడుకు కదా, సూదికి దారి ఇస్తాది.

ఒక హెచ్చరిక, నా చెంప పగిలి నేర్చుకున్నది. మూడేళ్ళ క్రితం మా అమ్మాయి నా బొంత ఫొటో పెట్టింది, వైజాగ్‌లో ఒక షాపు వాళ్ళు చూసి అయిదు చిన్న బొంతలు కావాలన్నారు, నెలలో. ఒప్పుకున్నాను, డబ్బాశ కాదు, పొగరు. రోజుకి మూడు దారాలు పోయి పదికి పైగా అయ్యాయి, వేలికి కాయ కాసింది, అర్ధరాత్రి లేచి లెక్క చూసుకునేదాన్ని, కలలో కూడా వరసలే. ఇచ్చాక కుట్లు సమానంగా లేవని రెండు తిప్పి పంపారు, మిగతా డబ్బులు ఆర్నెల్లకి ఇచ్చారు. సమానంగా కావాలంటే మిషన్ మీద కుట్టించుకోండి అన్నాను గానీ ఆ ఏడు నా బొంత మాత్రం పోయింది. కాబట్టి కుట్టింది అమ్మకానికి పెట్టకు, అయిపోయేదాకా ఫొటో పెట్టకు. లైకులొస్తే మర్నాడు లైకుల కోసం కుడతావు, మనుషులం కదా.

ఒంటి గురించి రెండు ముక్కలు. గోడకి నడుం ఆనించి, ఒళ్ళో దిండు పెట్టుకుని దానిమీద పని పెట్టుకో, మెడ దించి కాకుండా పని పైకి తెచ్చుకో. నడిమి వేలికి థింబుల్, అదే సూది గుచ్చుకోకుండా వేలికి తొడిగే టోపీ, పెట్టుకో, ఇత్తడిది పాతసామాన్ల కొట్లో కూడా దొరుకుతాది. సూది ఎక్కించడానికి మూడుసార్లు కంటే ఎక్కువ పడుతుంటే కళ్ళు చూపించుకో, సిగ్గెందుకు.

ఇంకోటి, ఇది గట్టిగా చెప్తున్నా. సాయంత్రం బెంగ, నిద్ర ఆలస్యం వరకూ అయితే ఈ మూడు దారాలు పనికొస్తాయి. అలా కాకుండా రెండువారాలైనా ఏ పనీ చెయ్యబుద్ధి కాకపోవడం, తిండి సయించకపోవడం, ఊరికే ఏడుపు రావడం, బతకడమెందుకు అనిపించడం లాంటివి ఉంటే సూది పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్ళు. 14416 అని మనసు బాగోలేనప్పుడు మాట్లాడ్డానికి గవర్నమెంటు వాళ్ళ టెలిమానస్ నెంబరుంది, ఎప్పుడైనా చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు. మా వీధిలో ఒకమ్మాయికి "ఏదైనా వ్యాపకం పెట్టుకో అమ్మా" అని అందరం సలహాలే ఇచ్చాం, నాతో సహా, ఆ పిల్లకి కావాల్సింది మందులు. తర్వాత బాగుపడింది, కానీ ఆ ఏడాది ఊరికే పోయింది.

రేపు చెయ్యాల్సింది ఇంతే, అమ్మని ఒక పాత చీర అడిగి నానబెట్టు. ఏ చీర ఇవ్వాలో తేల్చుకోడానికే ఆవిడకి ఒక సాయంత్రం పడతాది చూడు, పెట్టె మొత్తం కింద పరుస్తాది, ఆ సాయంత్రానికి ఫోన్ గుర్తురాదు నీకు. ఎల్లుండి పరిచి కచ్చా వెయ్యి, ఆ తర్వాత రోజునుంచి మూడేసి దారాలు. పది వరసలయ్యాక ఎక్కడైనా పొంగు లేస్తే రాయి, ఎలా సర్దాలో చెప్తాను, అప్పుడే చెప్తే కంగారుపడతావు.

ఆ కిట్‌లో వచ్చిన చెక్క రింగు పారేయకు. బొంతకి అక్కర్లేదు గానీ మా ఇంట్లో అలాంటిదే ఒకటుంది, ఎండలో పెట్టిన ఉసిరికాయ జాడీ మూతికి పల్చటి గుడ్డ బిగించడానికి దానంత సుఖం ఇంకోటి లేదు, కార్తీకంలో ఎలాగూ ఉసిరికాయలొస్తాయి.